మా అమ్మ నెత్తురులో కొవ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'కొవ్వు' అన్నది తిట్టు. బర్రె పాలివ్వకుండా తన్నితే దానికి కొవ్వెక్కింది. పిలిచిన వెంటనే నేను పలక్కపోతే నాకు కొవ్వెక్కింది. కోడలు తలెత్తి ఒక్క మాట అంటే ఆమెకు ఒళ్లంతా కొవ్వే. ఆ మాట మా నాయనమ్మ నోట్లో రోజుకు పదిసార్లైనా నలిగేది. అదే మాట ఒకనాడు నా నోట్లోంచి జారి మా అమ్మ మీద పడింది. అది జరిగి డెబ్బై ఏళ్లు కావస్తున్నా ఆ కోపం నాకు చల్లారలేదు. అందులో సగం నా మీద నాకే.

మాది పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ పనివాళ్లకు కిరాయికిచ్చే గదులు వరసగా లేచాయి గానీ, అప్పుడు ఊరి చుట్టూ జొన్నచేలే. మా అమ్మ బక్కపలచని మనిషి. తెల్లవారకముందే లేచి పేడ తీసి, నీళ్లు చేది, జొన్నలు విసిరి, రొట్టెలు చేసి, అందరూ తిన్నాక మిగిలినదాని మీద ఇంత కారం వేసుకుని తినేది. ఆమె కంచంలో నెయ్యి పడగా నేను చూడలేదు. నెయ్యి గురిగి సందూకులో ఉండేది. సందూకు తాళంచెవి నాయనమ్మ కొంగుకు ఉండేది.

అమ్మ రెండు కనురెప్పల మీద, ముక్కుకు దగ్గరగా, పసుప్పచ్చటి చిన్న చిన్న పొక్కుల్లాంటివి ఉండేవి. "మొఖానికి పెట్టిన పసుపు గూడ సక్కగ కడుక్కోరాదు నీకు" అని నాయనమ్మ రోజూ దెప్పేది. అమ్మ నిజమేననుకుని బీరపీచుతో రుద్దుకునేది. రెప్పలు ఎర్రగా కందిపోయేవి తప్ప ఆ పచ్చదనం పోయేది కాదు. అద్దం ముందు నిలబడి రుద్దుకుంటున్న ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఒక ఎండాకాలం ఆమె బావి దగ్గర చేంతాడు వదిలేసి, రొమ్ము పట్టుకుని కూలబడింది. గ్యాసన్నారు, దిష్టన్నారు. అమ్మ వాళ్ల నాయన, అన్న, ఇద్దరూ నలభై నిండకుండానే రొమ్ము నొప్పితో పోయారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మూడోసారి కూలబడ్డాక మా బాపు ఆమెను బస్సెక్కించి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఆమె రెప్పలు చూసి, వాళ్ల నాయన సంగతి అడిగి, మర్నాడు పరిగడుపున రమ్మని నెత్తురు తీయించాడట. వారం తర్వాత బాపు ఒక్కడే వెళ్లి కాగితం తెచ్చాడు.

మా బాపు చదివింది ఉర్దూ. డాక్టరు కూడా ఆయనకు ఉర్దూలోనే చెప్పాడు. అమ్మకు తెలిస్తే భయపడుతుందని, బాపు ఇంటికొచ్చి చిన్నాయనతో ఆ భాషలోనే మాట్లాడాడు. ఖూన్‌లో చర్బీ చాలా ఉందట అన్నాడు. పక్కింటి కంపౌండర్ సాబ్ పిల్లలతో ఆడీ ఆడీ నాకు ఆ భాష వచ్చేసింది. నాయనమ్మకు రాదు. వాళ్లిద్దరూ ఏమంటున్నారే అని నన్నడిగింది. తొమ్మిదేళ్ల పిల్లను. నాకొచ్చిన విద్య చూపించుకునే సందు దొరికింది.

"అమ్మ నెత్తురుల బాగ కొవ్వున్నదట అవ్వా" అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు.

ఆ క్షణంలో నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. తాను ఎన్నేళ్లుగానో అంటున్నదాన్ని పట్నం డాక్టరు కాగితం మీద రాసి పంపాడు మరి. సాయంత్రానికల్లా వాడకట్టు అంతా తెలిసిపోయింది. కోడలి పొగరు పరీక్షలో బయటపడిందని కొందరు నవ్వారు. ఆమె దొంగతనంగా నెయ్యి తాగుతున్నదని నాయనమ్మ తేల్చేసింది. తాళంచెవి తన కొంగుకే ఉండగా ఆ నెయ్యి ఎట్లా బయటికొచ్చిందో ఆమెను అడిగినవాళ్లు లేరు. అంతమంది పెద్దవాళ్లలో ఒక్కరికి కూడా ఆ ప్రశ్న తట్టలేదంటే నేను నమ్మను. తట్టింది. అడగలేదు, అంతే.

అక్కడితో ఆగినా బాగుండేది. కొవ్వు కరగాలంటే పని చెయ్యాలె అన్నది నాయనమ్మ. మా పిండితో పాటు ఇరుగుపొరుగు పిండి కూడా అమ్మ చేతే విసిరించడం మొదలుపెట్టింది. బరువు పనులు వద్దని, నెల తిరగ్గానే మళ్లీ తీసుకురమ్మని డాక్టరు చెప్పిన సంగతి బాపుకు తెలుసు. "డాక్టర్ గట్ల చెప్పలేదే అవ్వా" అని ఒక్కసారి గొణిగి ఊరుకున్నాడు. తల్లికి ఎదురు చెప్పని కొడుకని ఊళ్లో ఆయనకు మంచి పేరు. ఆ మంచితనం ఖర్చంతా మా అమ్మ రొమ్ము మీద పడింది. నెల తిరిగింది. దవాఖానకు పోవలసిన రోజు వచ్చి పోయింది. తల్లిగారింటికి పంపేద్దామన్న మాటలు కూడా మొదలయ్యాయి.

ఒక పొద్దున విసుర్రాయి చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని ఉంది. ముఖమంతా చెమట. నా మణికట్టు పట్టుకుంది. కాసేపటికి నొప్పి నెమ్మదించింది. నేను బాపు అంగీ జేబులోంచి ఆ కాగితం తీసుకుని పక్కింటికి పరుగెత్తాను.

కంపౌండర్ సాబ్ పటాన్‌చెరు దవాఖానలో పనిచేసేవాడు, రోజూ సైకిల్ మీద పోయి వచ్చేవాడు. మందు తాగనని మొండికేసే పిల్లలను ఇట్టే నవ్వించే మనిషి. ఆ కాగితం చదివాక ఆయన నవ్వలేదు. జరిగిందంతా నా చేత చెప్పించుకున్నాడు. ఆ వారం మందుల కోసం పట్నం పోయినప్పుడు ఆ డాక్టరును కలిసి, తెలియనిది అడిగి తెలుసుకుని వచ్చాడు. ఆదివారం పొద్దున స్టీలు డబ్బా, స్పిరిట్ దీపం పట్టుకుని మా వసారాలో మంచం మీద కూర్చున్నాడు.

అందరినీ పిలిచాడు. దీపం వెలిగించి గాజు సిరంజీ మరిగించడం మొదలుపెట్టాడు. సూది మా నాయనమ్మ వేలంత పొడుగుంది.

"అవ్వా, నెత్తురు పరీక్ష జేస్తే నెయ్యి దొంగ దొరుకుతడంటివి గద" అన్నాడు. "మంచిది. ఇంట్ల అందరి నెత్తురు దీస్త. పట్నం పంపుదం. ఎవరెంత తింటున్నరో మొత్తం తెలుస్తది. ముందుగాల తాళంచెవి ఎవరి దగ్గరున్నదో వాళ్లు చెయ్యి సాపుండ్రి."

నాయనమ్మ చెయ్యి కొంగులోకి పోయింది. ముసలిదాన్ని, నాకెందుకయ్యా అన్నది. చిన్నాయనకు ఉన్నట్టుండి బర్రెలు గుర్తొచ్చాయి. బాపు నేల చూపులు చూస్తున్నాడు. సూదికి భయపడ్డారో, దొరికిపోతామని భయపడ్డారో నాకు తెలియదు. రెండూ అయ్యుంటాయి. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నేను ముందుకెళ్లి చెయ్యి చాపాను. నా నెత్తురులో కూడా కొవ్వుంటే అమ్మను ఒక్కదాన్నే అనరు కదా అని నా లెక్క.

ఆయన నా చెయ్యి పట్టుకుని అందరికీ చూపించాడు. "ఇంట్ల ఇంతమంది పెద్దోళ్లుంటే, చెయ్యి సాపింది గీ పోరి ఒక్కతే" అన్నాడు. తర్వాత దీపం ఆర్పేశాడు. ఆయన ఎవరి నెత్తురూ తీయడానికి రాలేదు.

అప్పుడు చెప్పాడు, కోపంగా, నెమ్మదిగా. ఆ కాగితం నెత్తురులో ఎంత ఉందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. ఆ కొవ్వు తిండితో వచ్చేది కొంతే, ఎక్కువ భాగం ఒళ్లే తయారుచేసుకుంటుంది. అందరికీ అది కొంత కావలసిందే. కొన్ని కుటుంబాల్లో మాత్రం పుట్టుకతోనే నెత్తురులో పేరుకుపోతుంది. మనిషి బక్కా, లావా అని అది చూడదు. గుండెకు నెత్తురు తీసుకుపోయే నరాల్లో చేరి దారి ఇరుకు చేస్తుంది. ఆమె నాయన, అన్న పోయింది అందుకే అయ్యుంటుంది. రెప్పల మీదున్నది కడగని పసుపు కాదు, ఆ కొవ్వే.

"నువ్వు ముద్దముద్దకు నెయ్యేసుకుంటవు అవ్వా. నీ రెప్పలు సాఫ్‌గనే ఉన్నయి గద" అన్నాడు. "చర్బీ అంటే మా ఉర్దూ జబాన్ల గూడ తిట్టే. గని నెత్తురుకు తిట్లు తెల్వయి. డాక్టర్ సాబ్ ఇలాజ్ జేసి నయం జేసేందుకు కాగితమిస్తే, మీరు దాన్ని పట్టుకుని తీర్పు జెప్పి ఫైసలా జేసిండ్రు. రాయి తిప్పిచ్చి తిప్పిచ్చి మనిషిని సంపుతున్నరు."

పోతూ పోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు. "బిడ్డా, నీ చెయ్యి ఇప్పుడొద్దు. పెద్దయినంక మాత్రం మర్సిపోకుండ సాపాలె. మీ అమ్మకున్నది నీకు గూడ వచ్చి ఉండొచ్చు."

నాయనమ్మ తప్పయిందని ఆనాడూ అనలేదు, చచ్చేదాకా అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం విసుర్రాయి ముందు మా బాపు కూర్చున్నాడు. మగవాడు పిండి విసురుతున్నాడని దారిన పోయేవాళ్లు నవ్వారు. ఆయన తలెత్తకుండా తిప్పాడు. ఆ వారమే అమ్మను దవాఖానకు తీసుకుపోయాడు. ఇప్పుడున్న మందులు అప్పుడు లేవు. తిండిలో జాగ్రత్తలు, విశ్రాంతి, అంతే. వాటితోనే ఆమె నా పెళ్లి చూసింది, నా మొదటి బిడ్డకు నీళ్లు పోసింది. చివరికి ఆ నొప్పే ఆమెను తీసుకుపోయింది. కానీ తిట్లు పడుతూ పోలేదు.

నా రెప్పల మీద పచ్చటి మచ్చ కనిపించిన రోజున నేను పీచు అందుకోలేదు. వెళ్లి చెయ్యి చాపాను. ఆ రోజు నుంచి మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. నా పిల్లలిద్దరికీ చిన్నతనంలోనే పరీక్ష చేయించాను. ఇప్పటి కాగితంలో ఆ కొవ్వు, కొలెస్ట్రాల్ అన్న పేరుతో, మొత్తం ఒక వరసలో, చెడ్డది ఒక వరసలో, మంచిది ఇంకో వరసలో వేరువేరుగా వస్తాయి. మంచిది కాస్త ఎక్కువుంటే దాన్ని చూసి కూడా హడలిపోయేవాళ్లున్నారు. ఒక్క అంకె పట్టుకుని ఏడవకుండా, ఇంట్లో ఎవరికేముందో, బీపీ ఉందా, షుగరుందా అన్నీ కలిపి చూసి డాక్టరు చెప్పాలి. అడగాలి. అడిగితే చెబుతారు.

మొన్న పటాన్‌చెరు ల్యాబులో నా పక్కన ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చిన ఒక పిల్ల కూర్చుంది. పుల్లలా ఉంది. చేతిలో కాగితం. పక్కన మొగుడు నవ్వుతూ, "గింత బక్కగున్నవు, దొంగతనంగ ఏం తింటున్నవే" అంటున్నాడు. ఆ పిల్ల సిగ్గుతో తల దించుకుంది. నాకు డెబ్బై ఏళ్ల కిందటి కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. నీ నెత్తురు చూపించుకున్నవా నాయనా, ముందు నువ్వు చెయ్యి చాపు, అన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అచ్చం మా నాయనమ్మలాగే.

అంతలో నా వంతు వచ్చింది. సూది పట్టుకున్న అమ్మాయి అడగకముందే నేను చెయ్యి చాపేశాను. నా తొమ్మిదేళ్లప్పుడు కంపౌండర్ సాబ్ ఇప్పుడొద్దన్న చెయ్యే అది. ఆ రోజు మా వసారాలో ముడుచుకున్న చేతులన్నింటి బదులూ దాన్నే చాపుతూ వస్తున్నాను.