కళ్ళు తిరిగే చోట కాపలా

జూన్ రెండో వారంలో పోస్టింగ్‌లో చేరాను. ఖాజాగూడ చెరువు దాటాక, గుండ్ల మధ్య లేచిన అద్దాల భవనం. అందులో నాలుగో అంతస్తు. ఉదయం ఏడున్నర. సన్నటి వాన, పడమటి గాలి. రోడ్డు అవతల ఇంకా పేల్చని బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. ఏ ఆధారంతో నిలబడ్డాయో తెలియదు. మొదటి రోజు నుంచే వాటి మీద నాకు నమ్మకం లేదు.

వాకీటాకీ, టార్చి, ఈల, నల్ల బూట్లు, సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చిన నీలం చొక్కా. బెల్టు మాత్రం నాది. సుబేదారుగా పదవీ విరమణ చేసిన రోజు నడుముకు ఉన్నదే.

కాపలా కాయవలసింది ఒక ఆసుపత్రిని. తల తిరిగేవాళ్ళకు, నడకలో తూలేవాళ్ళకు మాత్రమే అక్కడ వైద్యం. జ్వరానికి మందు లేదు, దెబ్బకు కట్టు లేదు. అలాంటి ఆసుపత్రి ఒకటి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. తెలిశాక నమ్మలేదు.

మేనేజరు ఆజ్ఞలు మూడు. లిఫ్టుకూ రిసెప్షన్‌కూ మధ్య ఎవరూ పడకూడదు. వరండాలో ఎవరూ పరుగెత్తకూడదు. నేల తడిగా ఉండకూడదు. దొంగల ప్రస్తావనే లేదు. కింద లిఫ్టు దగ్గరుండే గార్డు ఖాజాగూడ పాత ఊరి మనిషి, నడివయసువాడు. ఆయన అదే సంగతి ఇంకా సూటిగా చెప్పాడు.

"గీడ డ్యూటీ అంటే పట్టుకునుడే సాబ్. దొంగలను గాదు, పడెటోళ్ళను."

అంతకుముందు చలికాలం నుంచి నాకే కళ్ళు తిరుగుతున్నాయి. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే. పై అరలో వస్తువు కోసం తల ఎత్తితే. అర నిమిషం. ఆ తరవాత ఏమీ జరగనట్టే ఉంటుంది. మా జిల్లా ఆసుపత్రికి వెళ్ళి, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాను. స్పృహ తప్పుతోందని రాసుకున్నారు. గుండె పరీక్షలు చేశారు. బిళ్ళలిచ్చారు. బిళ్ళలు వేసుకున్నాను. మంచం అలాగే తిరిగింది. వైద్యుల మీద నాకున్న గౌరవం అక్కడితో సరి.

ఈ సంగతి ఏజెన్సీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. అది చిన్న విషయం. చిత్రావతి ఒడ్డున మా పెద్దలు పాళెగాళ్ళు. తాత నాటికి పాళెం పోయింది, నాన్న నాటికి పొలం పోయింది. సారాలో కరిగిపోయిన వంశమని ఊళ్ళో అంటారు. అనడానికి వాళ్ళకు ఆధారం ఉంది, కాదనను. అందుకే నేను చుక్క ముట్టలేదు. సైన్యంలో నా వంతు రమ్ము పక్కవాళ్ళు తాగారు. నిటారుగా నిలబడటం ఒక్కటే నాకు మిగిలిన ఆస్తి. మా ఇంటి పేరున్నవాడు నలుగురిలో తూలితే జబ్బు అని ఎవరూ అనరు.

ఆసుపత్రి లోపల ఒక గది నిండా ఒకే కుర్చీ ఉండేది. మనిషిని పట్టీలతో బిగిస్తారు. కుర్చీ ముందుకు తిప్పుతుంది, వెనక్కి తిప్పుతుంది, తలకిందులు చేస్తుంది. తల తిరిగే మనిషిని ఇంకాస్త తిప్పే వైద్యం. పక్క గదిలో అటూ ఇటూ ఒరిగే పలక. పారాచూట్ పట్టీల వంటివి తొడిగి, పైకప్పుకు తగిలించి, మనిషిని దాని మీద నిలబెడతారు. ఇంకో చోట కళ్ళకు పెట్టెలాంటి అద్దాలు కడతారు. వాటిలో సూపర్‌మార్కెట్ కనిపిస్తుందట. కొండాపూర్ నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని అరల మధ్య లేని బండి తోసుకుంటూ వారానికి రెండుసార్లు నడిచేవాడు. అసలు సూపర్‌మార్కెట్ కింది అంతస్తులోనే ఉంది.

జూలైకి నా అనుమానం ఒక రూపానికి వచ్చింది. కొందరు గోడ పట్టుకుని, మూతికి కవరు అడ్డం పెట్టుకుని వచ్చేవారు. అరగంటలో నిటారుగా నడిచి వెళ్ళిపోయేవారు. కోత లేదు, సూది లేదు, మందు చీటీ కూడా లేదు. వీళ్ళు కిరాయి మనుషులనుకున్నాను. నెలల తరబడి తిరిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మోసపోయినవాళ్ళనుకున్నాను. త్వరగా బాగైతే నటన, బాగుకాకపోతే మోసం. నా లెక్కలో ఆసుపత్రికి తప్పించుకునే దారి లేదు.

నిఘా పెట్టాను. ఒక రోజు పచ్చ చీర కట్టుకున్నావిడ కూతురి భుజం మీద వాలి లోపలికి వెళ్ళింది. కాసేపటికి మామూలుగా నడిచి లిఫ్టెక్కింది. వాకీటాకీలో కింది గార్డును పిలిచాను.

"పచ్చ చీర ఆమె దిగుతోంది. నడక చూడు."

"సీదా పోతాంది సాబ్."

"ఏదైనా పట్టుకుందా?"

"ఆటోవాణ్ణి పట్టుకుంది సాబ్, రేటు మీద. ఇడుస్తలేదు."

డాక్టరు యాభై దాటిన మనిషి. అందరూ డాక్టరమ్మ అనేవారు. ఆమె నన్ను గమనిస్తోందని నాకు తెలుసు. వరండాలో నడుస్తుంటే అద్దం తలుపు వెనక నుంచి చూసేది. ఒకసారి వెనక నుంచి పిలిచింది. తిరిగాను. "ఏం లేదు సుబేదార్ గారూ" అని వెళ్ళిపోయింది. పని లేకుండా పిలిచే అధికారిని నమ్మకూడదు. కొత్త బేరం కోసం చూస్తోందనుకున్నాను. మధ్యాహ్నం టీ దగ్గర ఆ మాట గార్డుతో అన్నాను.

"ఎవరన్న పిలిస్తే మనిషి మెడ తిప్పుతడు సాబ్. మీరు లారీ తిప్పినట్టు మొత్తం మనిషినే తిప్పుతరు. గందుకే చూసిండొచ్చు."

అది మిలిటరీ పద్ధతి అన్నాను.

"మా బావమరిది గూడ మిలిటరీనే. ఆయన మెడ మంచిగనే తిరుగుతది."

టీ సగంలో వదిలేసి లేచాను.

ఆగస్టు పదిహేను. ఉదయం ఎనిమిది. భవనం ముందు జెండా. వాన ఆగింది, తాడు ఇంకా తడిగానే ఉంది. అన్ని అంతస్తుల గార్డులు వరసలో నిలబడ్డారు. పరేడు నాది. జెండా విప్పవలసింది ఏజెన్సీ ఏరియా ఆఫీసరు. ఆయన తాడు లాగాడు, ముడి విడలేదు. మళ్ళీ లాగాడు. "సుబేదార్ గారూ, మీరు చూడండి" అన్నాడు.

తాడు అందుకున్నాను. తల ఎత్తకుండా విప్పాలని చూశాను. విడలేదు. తల ఎత్తాను.

ముందు భవనం ఒరిగింది. తరవాత ఆకాశం తిరగడం మొదలుపెట్టింది. తాడు మాత్రం వదల్లేదు. నా బరువంతా దాని మీద పడి ముడి విడింది. జెండాలోని పూలు నా ముఖం మీద రాలాయి. వెనక నుంచి ఎవరో నా బెల్టు పట్టుకున్నారు. లిఫ్టు గార్డు.

జనగణమన పూర్తయ్యేదాకా ఆయన బెల్టు వదల్లేదు. తరవాత ఆఫీసరు నా ముఖానికి దగ్గరగా వచ్చి గాలి పీల్చాడు.

"రాత్రి ఏమన్నా కొంచెం తీసుకున్నారా?"

"లేదు."

"పండగ పూట కదా, అడుగుతున్నాను."

వరసలో ఎవరో నవ్వారు. మా వంశం కథ చిత్రావతి దాటి ఇంత దూరం వచ్చిందనిపించింది. గార్డు ముందుకొచ్చి, సాబ్ చాయ్ కూడా సగమే తాగుతాడని చెప్పాడు. ఆఫీసరు వినలేదు. సాయంత్రంలోగా డాక్టరు కాగితమైనా తేవాలి, యూనిఫాం అయినా అప్పగించాలి అన్నాడు.

డాక్టరమ్మ ఆ గుంపులోనే ఉంది. నన్ను పైకి తీసుకురమ్మంది. ఆమె కాచుకున్న అదను దొరికిందనుకున్నాను. వెళ్ళక తప్పదు. ఒక షరతు పెట్టాను: గార్డు సాక్షిగా గదిలో ఉండాలి. ఆమె సరేనంది.

"ఏమైంది?"

"కళ్ళు తిరిగాయి."

"కళ్ళు తిరగడమంటే? చీకటి కమ్మిందా? లేకపోతే మీరు కదలకుండా ఉంటే చుట్టూ ఉన్నది తిరిగిందా?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. సొమ్మసిల్లినవాడికీ కళ్ళు తిరుగుతాయి, లోకం గిర్రున తిరిగినవాడికీ కళ్ళు తిరుగుతాయి. జిల్లా ఆసుపత్రిలో నేను చెప్పింది తప్పు కాదు. అడగవలసింది ఒకటి మధ్యలో జారిపోయింది.

"భవనం తిరిగింది" అన్నాను.

కుర్చీ ఎక్కనని ముందే చెప్పాను. కుర్చీ అక్కర్లేదు, మెడ బాగుంటే బల్ల చాలంది. కళ్ళకు కెమెరా ఉన్న అద్దాలు బిగించింది. లోపల కన్ను ఏం చేసినా పక్కనున్న తెర మీద కనిపిస్తుందట. మెడ కుడివైపు తిప్పి, ఒక్కసారిగా వెల్లకిలా పడుకోవాలి. తల బల్ల అంచు దాటి కిందికి వేలాడాలి.

"మా ఇంట్లో తల దించే అలవాటు లేదు డాక్టరమ్మా."

ఆమె కంటే ముందు గార్డు అందుకున్నాడు. "దించమంటలేరు సాబ్, ఎన్కకు ఒరగమంటున్నరు. ఒరిగితే ఇజ్జత్ పోదు."

ఒరిగాను. అద్దాలకు మూత వేశారు. చీకటి. ఏమీ జరగలేదు. మోసం బయటపడిందని ఒక్క క్షణం సంతోషించాను. తరవాత చీకటి తిరగడం మొదలుపెట్టింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను.

తెర ముందు నుంచి గార్డు గొంతు వినిపించింది. మెల్లగా ఉంది.

"సాబ్, మీ కన్ను తిరుగుతాంది. నిజంగనే తిరుగుతాంది."

"నేను తిప్పడం లేదు."

"తెలుసు" అంది డాక్టరమ్మ. "కావాలని అలా ఎవరూ తిప్పలేరు."

పచ్చ చీర ఆవిడ గుర్తొచ్చింది. నా నిఘా అంతా ఆ ఒక్క మాటతో కూలింది.

చెవి లోపల సన్నటి సున్నపు రవ్వలుంటాయట. నా కుడి చెవిలో అవి చోటు వదిలి పక్క గొట్టంలోకి జారాయి. తల కదిలినప్పుడల్లా అవి కదిలి మెదడుకు తప్పుడు కబురు పంపుతున్నాయి. ఈ భాష నాకు అర్థమవుతుంది. ఒక పోస్టు తప్పుడు రిపోర్టు పంపితే పటాలమంతా తప్పు దిక్కుకు తిరుగుతుంది.

ఆమె నా తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. తిరగడం ఆగేదాకా ఉంచింది. ఎడమవైపు తిప్పి ఆపింది. తరవాత మనిషినంతా ఎడమ పక్కకు దొర్లించి, ముక్కు నేలను చూసేలా ఆపింది. చివరికి గడ్డం ఛాతీకి ఆనించి లేపి కూర్చోబెట్టింది. అది తల దించడమే. గార్డు ఆ సమయానికి కిటికీలోంచి బండలు చూస్తున్నాడు.

ఇంకోసారి అదంతా చేసింది. మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. చీకటి కదల్లేదు. అందరికీ ఇంత తేలిగ్గా పోదని, నాకు కూడా మళ్ళీ రావచ్చని చెప్పింది. గొప్పలు చెప్పుకోని వైద్యాన్ని అనుమానించడం కష్టం.

ఆఫీసరును ఆమే పైకి పిలిచి, కెమెరాలో రికార్డయినది తెర మీద చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. "ఇది ఈయన కన్నేనా?" అని అడిగాడు. నా కంటే అనుమానపు మనిషిని నేను చూడటం అదే మొదలు. గార్డు, తాను సాక్షినన్నాడు. ఆఫీసరు కాగితం తీసుకున్నాడు. క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. యూనిఫాం నా ఒంటి మీదే ఉండిపోయింది. మర్నాడు పొద్దున వరండాలో గార్డు వెనక నుంచి పిలిచాడు. మెడ ఒక్కటే తిప్పాను. ఏం పనని అడిగాను. ఏం లేదు సాబ్ అన్నాడు.

తరువాతి వేసవిలో ఒప్పందం ముగిసింది. చిత్రావతి ఒడ్డుకు తిరిగి వచ్చాను. సరిహద్దులో ఏం చూశావని ఊళ్ళో ఎవరూ అడగరు. హైటెక్ సిటీలో ఏం చూశావని అడుగుతారు. భవనాల గురించి చెబుతాను. కుర్చీ గురించి చెబితే నమ్మరు. నేను కూడా ఆ కుర్చీని ఇప్పటికీ పూర్తిగా నమ్మను. కుడివైపు ఒత్తిగిలే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.

మంచులో, ఎడారిలో చాలా చూశాను. చాలా మరిచిపోయాను. ఆ రోజు పట్టుబట్టి నేను కూడా తెర చూశాను. అది మాత్రం పోదు. తెర నిండా నా కన్ను, బూడిద రంగులో, నా ఆజ్ఞ లేకుండా కదులుతూ. మెల్లగా ఒక పక్కకు జారుతోంది. ఒక్క ఉదుటున వెనక్కి వస్తోంది. మళ్ళీ జారుతోంది. కునుకు పట్టి ఒరుగుతూ, ఉలిక్కిపడి నిటారవుతూ, తెల్లవారేదాకా పోస్టు వదలని సెంట్రీలాగా.