బెవర్లీ నలుపు కట్టని రోజు

అక్టోబరు ఆఖర్లో ఇంగ్లండు సముద్రం ఒడ్డున ఉన్న విట్బీ ఊరి మీదికి నల్లబట్టల జనం దిగుతారు. నేల మీద జీరాడే గౌన్లు, ఊపిరాడకుండా బిగించిన నడుములు, పొడుగు టోపీలు, సున్నం కొట్టినట్టున్న మొహాలు. కొండ మీది చర్చి పక్కన సమాధుల మీద వాలిపోయి, కళ్ళు అరమోడ్చి ఫోటోలు తీయించుకుంటారు. చావన్నా చీకటన్నా మోజుపడే ఈ నల్లబట్టలవాళ్ళని గోత్‌లంటారు, దాన్ని గోత్ పండగ అంటారు. ఆ మూడు రోజులూ కొట్లవాళ్ళకి చేతినిండా బేరం. బెవర్లీకి మాత్రం ఒళ్ళు మంట. ఆమెదీ నల్లబట్టే, అందుకే మరీ మంట.

బెవర్లీ బడి మానేసిన నాటినుంచీ చేపలు పొగబెట్టే కొట్లో పనిచేస్తోంది. హెర్రింగ్ చేపలు చీల్చి, ఉప్పునీళ్ళలో ముంచి, కొక్కేలకి గుచ్చి పొగలో వేలాడదీస్తుంది. అక్కడికి కూడా నల్ల లేసు జాకెట్టు తొడుక్కుని, కళ్ళకి మందంగా కాటుక పెట్టి, జుట్టు పైకి దువ్వి, రాయిలా గట్టిపడేదాకా స్ప్రే కొట్టి మరీ వెళుతుంది. పండగ రోజుల్లో కత్తి చేత్తో పట్టుకునే గుమ్మంలోకొచ్చి, దారిన పోయేవాళ్ళని ఒక్కొక్కరినే తూర్పారబడుతుంది.

"ఆ అవతారం చూడు. ప్యాకెట్ మడతలైనా పోలేదు. సోమవారం పొద్దునకి మళ్ళీ బూడిదరంగు సూటేసుకుని బ్యాంకులో కూచుంటాడు. చావంటే మోజట వీడికి. జలుబు చేస్తే వాళ్ళావిడ సెలవు పెట్టాలి."

నలుపు నిలబెట్టుకోవడం ఎంత చాకిరీయో ఆ ప్యాకెట్ గోత్‌లకి తెలియదని ఆమె బాధ. కొన్న నలుపు ఉతికేకొద్దీ తుప్పురంగుకి దిగుతుంది, కాకపోతే పాచిరంగుకి. బెవర్లీ ఏటా ఒక ఆదివారం తన గుడ్డలన్నీ పెద్ద డేగిసాలో పడేసి, ఉప్పూ నల్లరంగూ వేసి ఉడకబెట్టి, తర్వాత వాషింగ్ మెషిన్లో జాడించేది. ఆ పైన నెల్లాళ్ళపాటు ఇంట్లో దుప్పట్లూ దిండు గలీబులూ అన్నీ బూడిదరంగే. ఆ ఇల్లు తల్లి ఐలీన్‌ది. దిండు చేత్తో పట్టుకుని ఆవిడ మెట్ల కింద నిలబడి అరిచేది. "బొగ్గు గోనె మీద పడుకున్నట్టుందే, తల్లీ. పొద్దున్నే లేచి మొహం కడుక్కుంటే గనిలోంచి వచ్చిన దానిలా ఉన్నాను."

ఐలీన్‌కి రంగులంటే ప్రాణం. కిటికీకి నారింజ తెర, టేబుల్ మీద గులాబీ పూల గుడ్డ, బయటికి వెళితే పసుపుపచ్చ వానకోటు. ఇలాంటి ఇంట్లో పదహారో ఏట బెవర్లీ మొదటిసారి ఆపాదమస్తకం నల్లగా తయారై మేడ దిగొచ్చింది. టీ తాగుతున్న తల్లి కప్పు దించి, కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు," అంది బెవర్లీ మొహం మాడ్చుకుని.

"మీ నాన్నేమో అనుకున్నా. ఆయనైతే చెప్పు, కేకు తెప్పిస్తాను."

ఆ నాన్న ఒక క్షౌరశాల ఆవిడతో హల్ ఊరికి లేచిపోయి అప్పటికే కొన్నేళ్ళయింది. ఆ ఊళ్ళో నిక్షేపంలా ఉన్నాడు.

మరునాడూ అదే ప్రశ్న. ఆ పై ఏడూ అదే. బెవర్లీకి యాభై దాటినా పెళ్ళి కాలేదు, ఇల్లు మారలేదు, నలుపు మానలేదు. రోజూ పొద్దున్నే ఆఖరి మెట్టు మీద కాలు పెట్టగానే ఐలీన్ టీ కప్పు వెనకనుంచి "ఎవరు పోయారే?" అనడం, బెవర్లీ "నీ టోస్టు మాడుతోంది, చూసుకో" అనడం. ఆ మాట ఇల్లు దాటి ఊళ్ళో పడింది. చేపలూ చిప్సూ వేయించి అమ్మే కెన్ దాన్ని సొంతం చేసేసుకున్నాడు. బెవర్లీ అతని కొట్లోకి అడుగు పెడితే చాలు, జల్లిగరిటె గుండెకి ఆనించుకుని, "పాపం, ఎవరు పోయారు బెవ్?" అనేవాడు. "నీ బేరం," అనేది బెవర్లీ. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఈ ఒక్క హాస్యం మీదే నెట్టుకొచ్చారు.

ఈ అక్టోబరులో ఒకరోజు బెవర్లీ ఎప్పటిలాగే మేడ దిగొచ్చింది. ఆఖరి మెట్టు మీద నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీలో ఐలీన్ తల పక్కకి వాలి ఉంది. టీ చల్లారిపోయింది. "అమ్మా, నన్ను అడగలేదేం?" అంది బెవర్లీ. అన్నాక, ఆ మెట్టు మీదే కూలబడింది.

చెల్లెలు జానిస్ లీడ్స్ నుంచి ఆ సాయంత్రమే వచ్చింది. గోధుమరంగు ప్యాంటు, గోధుమరంగు చొక్కా, గోధుమరంగు చెప్పులు. ఆమెను చూస్తే బిస్కెట్ల డబ్బా గుర్తొస్తుందని బెవర్లీ అనేది. ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, ఏర్పాట్లలో పడింది.

"అక్కా, ఒక మాట. దహనానికి అందరూ రంగుబట్టల్లోనే రావాలి. నలుపు వద్దు."

"దహనానికి నలుపు వద్దా?"

"ఇప్పుడెవరూ కట్టడం లేదక్కా. దాన్ని జీవితోత్సవం అంటున్నారు. పిల్లలు బెలూన్లు కూడా తెస్తున్నారు."

"మా అమ్మ పోతే బెలూన్లా?"

"మన అమ్మ. తనే చెప్పింది నాతో. నా చావుకి ఒక్కళ్ళు కూడా నల్లబట్ట కట్టకూడదు, ఒక జన్మకి సరిపడా చూశాను అంది. ఈస్టర్‌కి వచ్చినప్పుడు."

"నవ్వుతూ అందా, మామూలుగా అందా?"

"అమ్మ నవ్వకుండా ఏం మాట్లాడింది?"

ఆ మాట అమ్మదేనని బెవర్లీకి వినగానే తెలిసిపోయింది. హాస్యానికే అందో, నిజంగానే అందో అడుగుదామంటే, అడగవలసిన మనిషి లేదు.

జానిస్ గొంతు తగ్గించింది. "నల్లగా వస్తే మాతో కారెక్కనివ్వను. ముందు వరసలో చోటుండదు. అమ్మ శవపెట్టె వెనక నువ్వు ఆ వేషంలో నడుస్తుంటే ఎవరూ అమ్మని చూడరక్కా, నిన్నే చూస్తారు."

బెవర్లీకి తల తీసేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టేది.

మరునాడు పబ్బుకి వెళ్ళింది, తన వాళ్ళ దగ్గరికి. వాళ్ళు పండగ గోత్‌లు కారు, పాత కాపులు. ఒకాయన పేరు రేవెన్. అమ్మానాన్నలు పెట్టింది రోజర్. ఊరి చెత్తబుట్టల మీద వచ్చే ఫిర్యాదులకి జవాబులు రాసే ఉద్యోగం. ఇంకొకావిడ లిలిత్. అసలు పేరు పాట్, పళ్ళ డాక్టరు దగ్గర ఫోను ఎత్తుతుంది. బెవర్లీ జరిగింది చెప్పింది. రేవెన్ కళ్ళు మెరిశాయి.

"శవం దగ్గర నలుపు వద్దంటారా? అదీ నిన్నా? మేమంతా వస్తాం బెవ్. కొత్త కోటు కుట్టించాను, నల్లరాతి బొత్తాలు. దానికి తగిన సందర్భమే దొరకలేదు."

"నా పూసల ముసుగు," అంది లిలిత్, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. "కొని ఇన్నేళ్ళయింది, అసలైన చావుకి ఒక్కసారి వేసుకోలేదు."

"పెట్టె మూత తీసి ఉంచుతారా?" అన్నాడు రేవెన్. "మేం మర్యాదగానే ఉంటాంలే. ఒక్క ఫోటో."

బెవర్లీ ఆ ఇద్దరినీ చూసింది. పొట్ట మీద లాగి కట్టిన వెండి గొలుసులు, మొహం ముడతల్లో ఇరుక్కుపోయిన తెల్లపౌడరు. ఇన్నేళ్ళూ బ్యాంకు గుమాస్తాల్ని వెక్కిరిస్తూ వీళ్ళ పక్కన కూచుంది. వీళ్ళకీ వాళ్ళకీ తేడా ఏమిటయ్యా అంటే, వీళ్ళు సోమవారం కూడా వేసుకుంటారు, అంతే. అసహ్యం వేసింది. కిటికీ అద్దంలో మూడోది తన మొహమే కనిపించింది, దాన్ని చూసి మరీ వేసింది.

"మా అమ్మ ఎట్లా పోయిందని మీలో ఒక్కరైనా అడిగారా?" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎట్లా పోయింది బెవ్?" అంది లిలిత్.

"ఇప్పుడొద్దులే," అని, తాగని గ్లాసు అక్కడే వదిలేసి లేచొచ్చింది.

శుక్రవారం దహనం. అదే రోజు పండగ మొదలు. పొద్దున్నే బెవర్లీ అలమర తెరిచి నిలబడింది. లేసు, వెల్వెట్, పట్టు, ఉన్ని, అన్నీ నలుపే. ఏది తీసినా చేపల కొట్టుకి కట్టినదే, సంతకి కట్టినదే, పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి కట్టుకెళ్ళినదే. అమ్మ పోయిందని చెప్పడానికి పనికొచ్చే నలుపు అందులో ఒక్కటీ లేదు. ఉన్నదంతా ఊరికే వాడి పారేసింది. ఎవరూ పోకుండానే ఇన్నేళ్ళు ఏడుపు వేషం వేసి, ఇవాళ ఏడవడానికి బట్ట లేకుండా నిలబడింది. "సిగ్గులేని దానా," అని తనని తాను పైకే తిట్టుకుంది.

జుట్టు కడిగేసుకుంది. మొహం కడిగేసుకుంది. కిందికి వచ్చి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న అమ్మ పసుపుపచ్చ వానకోటు తీసి, మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది. జేబులో దగ్గు బిళ్ళ ఒకటి ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చింది.

కారు దగ్గర జానిస్ ఆమెను చూసి, కోటు చూసి, తలుపు తీసింది.

దహనశాలలో రంగులు చూస్తే కళ్ళు తిరిగాయి. జానిస్ మొగుడి చొక్కా మీద చిలకలు, పిల్లల చేతుల్లో బెలూన్లు. కార్యక్రమం నడిపే ఆయన గులాబీ టై కట్టుకుని, ఐలీన్‌ని ఎన్నడూ చూడకుండానే ఆమె హాస్యప్రియత్వం గురించి మాట్లాడాడు. జనం వంతుకి నవ్వినట్టు నవ్వారు. ఈ జనానికి దుఃఖమంటే భయం, అందుకే గాలి నింపి దారం కట్టి తెచ్చుకున్నారు అనుకుంది బెవర్లీ. ముందు వరసలో కూచుంది. కంట్లో చుక్క రాలేదు.

బయట మొరీన్ పిన్ని జానిస్ చెయ్యి పట్టుకుంది. "మీ అక్క రాలేదా, ఆ దయ్యప్పిల్ల? తల్లి పోయినా రాకపోతే ఏం మనిషే?"

"ఇక్కడే ఉన్నాను పిన్నీ," అంది బెవర్లీ.

పిన్ని ఎగాదిగా చూసింది. "నువ్వా. బాగానే ఉన్నావే, మనిషిలా."

విందుకి ఉండమంటే ఉండకుండా బస్సెక్కి ఊళ్ళోకొచ్చింది. వీధులు నల్లగా కిటకిటలాడుతున్నాయి. ఎక్కడ చూసినా ముసుగులు, నల్ల గొడుగులు, మెడలో వెండి పుర్రెలు. ఇంతమంది శోకంలో ఉన్నారు, ఒక్కరింట్లో కూడా చావు లేదు. చేపలరేవు దగ్గర ఒకతను కెమెరా దించి చిరాగ్గా చెయ్యి ఊపాడు.

"అమ్మా, కాస్త పక్కకి తప్పుకోండి. ఆ పసుపు ఫోటోలో పడి మూడ్ పాడవుతోంది."

తప్పుకుంది. నోట్లో పది తిట్లు తిరిగాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

కాళ్ళు కెన్ కొట్టుకే తీసుకెళ్ళాయి. కెన్ ఏటా పండగకి ముందు రెండు వారాలు కొట్టు మూసి స్పెయిన్ పోయి, ఒళ్ళంతా ఎర్రగా కాల్చుకుని వస్తాడు. ఆ పొద్దున్నే దిగాడు. కొట్టు నిండా నల్లబట్టలవాళ్ళు బారు తీరి ఉన్నారు. వాళ్ళ మధ్య పసుపుకోటు ముందుకొచ్చేసరికి కెన్ మొహం విప్పారింది.

"అబ్బ, ఒక్క రంగు కనపడింది. పెళ్ళికి వెళ్ళొస్తున్నారా, అమ్మా?"

"ఒక హ్యాడక్ చేప, చిప్స్."

గొంతు విని కెన్ తలెత్తాడు. "బెవ్? నువ్వా? ఏమిటే ఈ వేషం?"

"నన్ను అడగవా?" అంది బెవర్లీ.

"ఏమడగను?"

"రోజూ అడిగేదే."

కెన్ నవ్వబోయాడు. మళ్ళీ ఆమె మొహం చూశాడు, కాటుక లేని ఆ కళ్ళు. తర్వాత కోటు చూశాడు. ఆ కోటు ఊళ్ళో ఎవరిదో అందరికీ తెలుసు. జల్లిగరిటె నూనెలోనే వదిలేశాడు.

"ఎవరు పోయారు, బెవ్?" అన్నాడు మెల్లిగా.

"మా అమ్మ," అంది. ఆ రెండు మాటలూ అనేసరికి అప్పటిదాకా రానిదంతా వచ్చేసింది. పసుపుకోటు చేతుల్లో మొహం పెట్టుకుని, కౌంటర్ మీదికి వంగి, గొంతు చించుకుని ఏడ్చింది. కెన్ ఇవతలికొచ్చి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. వెనక బారులో ఉన్న నల్లబట్టలవాళ్ళు, ఈ పసుపుకోటు ముసలావిడకి ఏమొచ్చిందో అర్థంకాక, తమ చిప్స్ మాడిపోతున్నాయేమోనని మెడలు చాచి చూశారు.