మా మేనత్త చేతి ఉప్పు

తడిసిన ఉప్పుచేప ఎంత బరువుంటుందో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఒక గంపెడు చేపను ఇన్నేళ్లుగా మోస్తున్నాను, ఇంకా దించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పడం సులువనిపించింది.

ముందే ఒక మాట. ఈ వ్యవహారంలో నేను పెద్ద దుర్మార్గుణ్ణని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకోవడంలో కాస్త గొప్ప కూడా ఉంటుంది. తీరా రాయడానికి కూర్చుంటే, దుర్మార్గానికి కావలసినంత తెలివి కూడా నాకు లేదని తేలింది. ఇంకొక్క రోజు ఎండలో పరిస్తే పోయేదాన్ని, ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాను.

చిల్లకూరు అవతల, సముద్రం ఒడ్డున మా పల్లె. వేట మీద బతికే ఇళ్లు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు వేట ఆపిస్తారు. అప్పుడు పడవలు ఇసుకలో, మగవాళ్లు ఇంటి పంచలో. వలల చిరుగులు కుట్టుకుంటారు, అవి అయిపోయాక ఒకరి తప్పులొకరు విప్పుకుంటారు. వేట ఆగేముందు పడిన చేపను ఉప్పుపెట్టి, ఎండబెట్టి గంపలకెత్తుకుంటే ఆ రెండు నెలలూ ఇంటికీ సంతకూ అదే ఆధారం.

మా ఇంట్లో ఆ పని మా మేనత్త రవణమ్మది. నాన్నకు అక్క. మామ సముద్రానికి పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. అత్త మా ఇంటికొచ్చేసింది. ఊరికే కూర్చుని తింటోందని ఎవరూ అనలేదు. అనే సందు ఆమె ఇవ్వలేదు. చేప చీల్చి, అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసి, పిడికిట్లో కల్లుప్పు తీసుకుని రుద్దేది. ఎంత వేయాలత్తా అంటే "చేపే చెప్తాదిరా" అనేది. పల్లెలో ఎవరింట చేప ఊరబెట్టినా మొదటి పిడికెడు ఆమె చేత వేయించుకునేవాళ్లు. పెళ్లిళ్లలో వెనక నిలబెట్టే మనిషిని ఉప్పుతొట్టి దగ్గర మాత్రం ముందు నిలబెట్టేవాళ్లు. ఆమెకున్న ఆస్తల్లా ఆ పిడికిలే.

ఎండిన చేపను గంపలో పేర్చి, తాటాకు కప్పి, తాడు బిగించాక మధ్యలో విప్పరు. గాలి తగలకూడదంటారు. ఎవరు ఉప్పు వేస్తే వాళ్లే తాడు కట్టాలని కూడా మాలో ఒక రివాజు.

ఆ వేసవి ఇంట్లో అందరూ చిట్టమూరులో పెళ్లికి వెళ్లారు. చేపకు ఇంకా ఒక్క పూట ఎండ కావాలి. ఇరవయ్యేళ్లవాణ్ణి నేనుండిపోయాను. "సాయంత్రానికి ఎత్తి కట్టెయ్. మబ్బేస్తే మాత్రం ఉరుకు" అని అత్త రివాజును పక్కనబెట్టి, తన తాడు నా చేతిలో పెట్టి వెళ్లింది. నామీద అంత నమ్మకం అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మధ్యాహ్నానికి తెలిసింది.

చేప పాత వల మీద పరిచి ఉంది. నేను పడవ నీడలో పడుకుని ఫోన్‌లో సినిమా చూస్తున్నాను. సినిమా నన్ను చూడటం మొదలెట్టింది. మొహం మీద చినుకు పడి లేచేసరికి చేప నాకంటే ముందే తడిసిపోయింది. చిన్న జల్లు. వచ్చి పోయింది. వెనకాలే ఎండ, ఏమీ ఎరగనట్టు.

మళ్లీ పరిచి, ఆరాక కట్టాలి. అంతే. కానీ పరిస్తే ఆ రోజుకు ఆరదు, పెళ్లి నుంచి వచ్చినవాళ్లు చూస్తారు, చూస్తే అడుగుతారు. దులిపి, గంపకెత్తి, తాడు బిగించాను. గంపలో ఎండ ఉండదని నాకు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడం ఎలాగో ఆ రోజే నేర్చుకున్నాను. ఆ ఒక్క విద్య ఇప్పటికీ మరిచిపోలేదు.

వాళ్లు వాకిట్లోకి వచ్చేసరికే ఎవరో చెప్పినట్టున్నారు.

"వాన పడిందంట గదరా. చేప తీసినావా?" అన్నాడు నాన్న.

"చినుకు పడకముందే తీసినాను నాయనా."

"ఓరి నీ! పగటిపూట నువ్వు మేలుకొనుండినావా? అందుకేరా వాన పడింది!" అన్నాడు చిన్నాన్న, నాన్నకు తమ్ముడు. అందరూ నవ్వారు. నాన్న నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ నొప్పిగా ఉంటుంది.

అత్త గంప అంచు పట్టి కాస్త లేపింది. "బరువుగా ఉండాదేందిరా అబ్బయా?"

"బరువు గంపలో లేదత్తా. పెళ్లిభోజనం తిన్నావు గదా, నీ పొట్టలో ఉండాది."

ఆమె కూడా నవ్వింది. తాడు మీద చెయ్యి వేసింది. తీసేసింది. నేను తీశానని చెప్పాక విప్పి చూస్తే నన్ను చిన్నబుచ్చినట్టవుతుందనుకుంది కాబోలు. లేక నిజంగానే నమ్మిందా? ఏది నిజమైతే నాకు కాస్త తక్కువ సిగ్గుగా ఉంటుందో ఇన్నేళ్లు ఆలోచించాను. తేలలేదు.

వేట ఆగిన కొన్నాళ్లకు గంప విప్పారు. వాసన ముందు వచ్చింది, పురుగులు తర్వాత. వాన తగల్లేదని నేను చెప్పి ఉన్నాను కాబట్టి ఇక తప్పు వెతకడానికి మిగిలింది ఒక్కటే. అయినా ఎవరూ దాని పేరెత్తలేదు. ఆమె మీద ఉన్న గౌరవం అంతటిది. ఎత్తింది నేను.

"ఈసారి ఉప్పు చాల్లేదేమో గదత్తా."

దొరికిపోతానేమోనన్న భయంతో అన్నానని చెప్పుకోవచ్చు. కానీ అప్పటికి నన్నెవరూ అనుమానించలేదు. మరి ఎందుకన్నాను? ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగితే నిజం దానంతటదే నా నోట్లోంచి వచ్చేస్తుందేమోనని, అడ్డంగా ఏదో ఒక మాట పెట్టాను. పెట్టిన మాట పోయి ఆమె మీద పడింది.

అత్త నా వైపు చూస్తుందనుకున్నాను. తన అరచేతి వైపు చూసుకుంది. "ఏమోరా. చాల్లేదేమో" అంది.

"అక్క చేతికి తిమ్మిరెక్కినట్టుండాదే!" అన్నాడు చిన్నాన్న. అప్పుడు అందరూ నోరు విప్పారు.

మరుసటి ఏడు ఉప్పు పిడికిలి చిన్నాన్న భార్యకు మారింది. గొడవ లేదు, మాటా మాటా లేదు. "నువ్వు కూర్చోక్కా, ఎండన పడి ఏం చేస్తావు" అన్నారు, అంతే. పక్కిళ్ల వాళ్లూ పిలవడం మానేశారు. అత్తకు కాకులను తోలే పని ఇచ్చారు. పొడుగాటి కర్ర పట్టుకుని చేప పక్కన కూర్చునేది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఒక చేపను అరచేతిలో ఎగరేసి చూసి, మళ్లీ పడుకోబెట్టేది. తన చేతి మీద తనకే అనుమానం వచ్చింది. సంగట్లోకి పులుసు పోసుకున్నా పక్కవాళ్లను అడిగేది: "ఉప్పు సరిపోయిందా? నాకు తెలియడం లేదు."

సరిపోయిందత్తా, అనేవాణ్ణి. ఆమె అడిగింది పులుసు సంగతి. నేను చెప్పాల్సింది గంప సంగతి. ఉప్పు తగ్గలేదు, తప్పు తగ్గలేదు, ఒప్పుకునే ధైర్యం ఒక్కటే తగ్గింది. మొదట నాన్నంటే భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత నెల్లూరులో ఉద్యోగం, పెళ్లి. ఇన్నేళ్లకు ఇప్పుడెందుకులే అన్న బద్ధకం. చెప్పకపోవడానికి ప్రతి ఏడూ ఒక కొత్త కారణం పుట్టేది. చెప్పడానికి కారణం మాత్రం మొదటినుంచీ ఒక్కటే ఉండింది, కాకుల కర్ర పట్టుకుని.

పోయిన వానల్లో అత్త పోయింది. ఇక ఎవరికి చెప్పినా లాభం లేదు. ఈమధ్య డాక్టరు నన్ను ఉప్పు మానెయ్యమన్నాడు. శిక్ష ఆలస్యంగా వచ్చినా, అడ్రసు తప్పకుండా వచ్చిందనుకున్నాను. అది శిక్ష కాదని నాకు తెలుసు. రక్తపోటు అంతే.

మీతో ఇంతవరకూ చెప్పగలిగినందుకు గంప ఒక్క అంగుళం కిందికి దిగినట్టుంది. అంతకంటే దిగదు. ఇంకొకటి మిగిలింది. అది దాచుకుంటే మీకూ తడిచేపనే కట్టి ఇచ్చినవాణ్ణవుతాను.

అత్త పోవడానికి ముందు వేసవి. సెలవు పెట్టి ఇంటికెళ్లాను. మధ్యాహ్నం పంచలో చుట్టాలందరం భోజనాలకు కూర్చున్నాం. చిన్నాన్న ప్రతి వేసవీ తీసే పాత మాటే మళ్లీ తీశాడు: "మా అక్క ఒక యేడు ఉప్పు మరిచిపొయ్యి, పురుగులకు పెండ్లి చేసింది." చుట్టాలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మొదట పుట్టించింది నేనన్న సంగతి పక్కనబెట్టి మరీ మండింది. అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. మజ్జిగ కోసం పెట్టిన అతని ఖాళీ గ్లాసులో, ఎవరూ చూడకుండా, విస్తరి పక్కనున్న గిన్నెలోని ఉప్పు గుప్పెడు వేశాను.

ఆ రోజు అమ్మ జాలిపడి "మజ్జిగలో ఉప్పు నువ్వే ఎయ్యి వదినా" అని అత్తకు చెంబు అప్పగించిందని నాకు తెలియదు. ఎన్నో ఏళ్లకు మళ్లీ ఆమె చేతికి వచ్చిన ఉప్పు అది. చెంబుతో వచ్చి అందరికీ పోసింది. చిన్నాన్న ఒక గుక్క తాగి వాకిట్లోకి ఉమ్మేశాడు.

"అక్కా! ఆ యేడు మిగిలిచ్చిందంతా ఇందులో పోసినట్టుండావే!"

పంచ అంతా నవ్వు. అత్త ఆ గ్లాసు తీసుకుని నాలుక తడిపి చూసింది. "అవును నాయనా. ఎక్కువైంది. నాకు తెలియడం లేదు" అంటూ చెంబు అమ్మకు తిరిగి ఇచ్చేసింది.

చిన్నాన్న మీద నేను తీర్చుకున్న కక్ష అది.

నా గ్లాసు నా ముందే ఉంది. అడుగంటా తాగాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.