ఊపిరికి ఆగే డోలక్

భవానీపురం చర్చిలో మా మేనత్త డోలక్ వాయించేది. చరణం చివర ఎడమ అరచెయ్యి డోలక్ మీద అదిమి, ముందు వరసలో ముసలమ్మల వంక చూసేది. వాళ్ళు ఊపిరి తీసుకున్నాకే మళ్ళీ దరువు మొదలయ్యేది. "పాడేవాళ్ళకి ఆయాసమొస్తే అది పాటెట్టా అవుద్దే?" అనేది నాతో.

డెబ్బైల చివర్లో చర్చికి కరెంటుతో నడిచే రిథమ్ బాక్స్ వచ్చింది. మీట నొక్కితే చాలు, డ్రమ్ములూ తాళాలూ అందులోంచే, చరణం చివర కూడా ఆగకుండా మోగేవి. అందరూ మురిసిపోయారు.

"బాగానే వాయిస్తందిలే. దానికి ఊపిరి లేదుగా, మనకుంటదని దానికెట్టా తెలుస్తది?" అంది అత్త. డోలక్‌కి గుడ్డ చుట్టేసింది. అయినా ప్రతి ఆదివారం వెంట తెచ్చుకునేది.

ఏడాది తిరిగాక ఒకరోజు పాట మధ్యలో కరెంటు పోయింది. పెట్టె ఆగిపోయింది. పాస్టరుగారు అత్త వైపు తిరిగి, "అమ్మా, మీరందుకోండి" అన్నారు. అత్త గబగబా గుడ్డ విప్పి దరువు అందుకుంది. ఆ ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. చరణం చివర, ఎప్పటిలాగే అరచెయ్యి అదిమి ముసలమ్మల వంక చూసింది.

ఎవరూ ఆగలేదు. ముసలమ్మలు కూడా రొప్పుతూనే తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయారు.

అత్త చెయ్యి డోలక్ మీదే ఉండిపోయింది.