హేచరీ నుంచి వెళ్ళని మెయిల్

రెండువేల పద్దెనిమిది, మే పన్నెండు, శనివారం. ఉదయం పదింటికే షామీర్‌పేట రోడ్డు మీద తారు మెత్తబడింది, ఆకు కదలలేదు. మూడు రోజుల్లో పిల్లలు కావలసిన ఇరవై వేల కోడిగుడ్లు ఆ మధ్యాహ్నం హేచరీలో, పొదిగే యంత్రంలోనే ఉడికిపోయాయి.

అక్కడ కంప్యూటర్ పని సూరారం అమ్మాయి కెజియాది. వాళ్ళింట్లో నెలజీతం ఎరిగిన మొదటి మనిషి ఆమే. యంత్రంలో వేడి హద్దు మీరితే యజమాని రవీందర్‌కు మెయిల్ వెళ్ళేలా, కంప్యూటర్ తనంతట తాను నడిపే ఆదేశాల వరుస, చిన్న షెల్ స్క్రిప్ట్ రాసింది. అంతకు ముందు గంటకోసారి తలుపు తెరిచి, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చెప్పేవాడు పాత పనివాడు నర్సయ్య. స్క్రిప్ట్ వచ్చాక, తలుపు ముట్టరాదని అతనికి ఆజ్ఞ.

మెయిళ్ళు అందుకొని చేరవేసే సర్వర్‌కు ఒక మర్యాద ఉంది. కనెక్షన్ కలిశాక ముందు అది పలకరించాలి. పంపేవారి పేరూ, అందుకునేవారి పేరూ ఆ తర్వాతే, ఒక్కొక్క జవాబూ వింటూ, మనం చెప్పాలి. వెనుకటికి బడికి తనిఖీ అధికారి వస్తే, ఆయన నోరు విప్పేదాకా పిల్లలు అలాగే నిలబడి ఉండేవారు. కెజియా స్క్రిప్ట్‌కు ఆ ఓపిక లేదు. అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి, జవాబు వినకుండానే తన చిట్టాలో ‘పంపబడింది’ అని రాసుకునేది. కర్తను దాచే ఆ ప్రయోగం తెలుగుకు ఎన్నడూ నప్పలేదు. పాత సర్వర్ దాన్ని సహించింది. ఆ వారమే మార్చిన కొత్త సర్వర్, తనకంటే ముందు మాట్లాడిందని ప్రతిసారీ కనెక్షన్ తెంపేసింది.

రవీందర్ ఆ చిట్టా చూశాడు.

"ఏడు సార్లు పంపిందంట. నా ఫోన్ల ఏడ ఇరుక్కున్నయో! నువ్వు ఈడనే ఉన్నవ్ గద నర్సయ్యా, కునుకు దీసినవా?"

"తలుపు ముట్టద్దంటిరి గద సార్. బయట ఎండనే గిట్లుంటే లోపలి వేడి ఎట్ల దెలుస్తది?" నర్సయ్య కెజియా వైపు తిరిగాడు. "బిడ్డా, నీ మిషిన్ నిజంగ మెయిల్ ఇచ్చిందా?"

అప్పటికే ఆమె స్క్రిప్ట్‌ను చేత్తో నడిపి చూసింది; సర్వర్ తిరస్కారం తెర మీద చదివింది. నోరు విప్పితే ఉద్యోగం ఉండదు.

"ఇచ్చింది కాకా."

"గట్లయితే నాదే తప్పు," అన్నాడతను. సాయంత్రం సద్దిగిన్నె పట్టుకొని తన ఊరు కీసరకు బస్సెక్కాడు. తర్వాత ఏ హేచరీ అతన్ని పనికి పిలవలేదు.

మరునాడు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ కెజియా లేచి నిలబడింది. అందరూ తనవైపు చూడగానే కూర్చుంది. సోమవారం స్క్రిప్ట్‌కు ఆగడం నేర్పింది.

ఆరేళ్ళ తర్వాత ఆమె కీసరకు పంపిన జాబు ఇది:

"నర్సయ్య కాకకు, కెజియా రాస్తున్న. ఆ రోజు నా స్క్రిప్ట్ ఒక్క మెయిల్ కూడ పంపలేదు. మీరు అడిగేసరికే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఇచ్చిందన్న. రవీందర్ సార్‌కు కూడ నిన్న ఇదే రాసిన. క్షమించుమని అడిగే మొఖం నాకు లేదు. మీ ఇంటామె బుచ్చవ్వ గూడ, మీరు నిద్రపోయిండ్రనే ఇప్పటికీ అనుకుంటాందని విన్న. ఈ కాయితం ఆమెకు చదివి వినిపించుండ్రి."