గోదావరి లంకకు టూర్ లాంచీనా, రేవు పడవా? ఒక చెప్పుల బల్ల సంగతి

మా చర్చి సంఘంలోని కుటుంబాలన్నీ ఏటా చలికాలం చివర్లో ఒక రోజు ఎక్కడికైనా వెళ్ళి, అక్కడే వండుకుని తిని, సాయంత్రానికి తిరిగి వస్తాయి. ఈసారి గోదావరి లంకకు వెళ్దామని స్త్రీల సమాజం పట్టుబట్టింది. లంక అంటే వరద తీశాక నది నడుమ బయటపడే ఇసుక దీవి. భద్రాచలానికి, మణుగూరుకు మధ్య అలాంటివి కొన్ని ఉన్నాయి. చేరడానికి రెండు మార్గాలు కనిపించాయి. ఒకటి, భద్రాచలంలో గైడుతో సహా తీసుకువెళ్ళే టూర్ లాంచీ. రెండు, లంక మీద సాగు చేసుకునే రైతులూ కూలీలూ రోజూ ఎక్కే రేవు పడవ. ఏది ఎక్కాలో తేల్చే పని పాస్టరుగారు నాకు అప్పగించారు. "బ్రదర్, నలభై మందిమి. అందులో చంటిపిల్లలున్నారు. మీరు చూసొచ్చి ఏది ఎక్కమంటే అదే ఎక్కుతాం" అన్నారు. అశ్వారావుపేటలో మోటార్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షాపు నాది. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి చూసి నేర్చుకున్నాను. అందుచేత యంత్రాన్నయినా, మనిషి మాటనయినా విప్పి చూడనిదే నమ్మే అలవాటు నాకు లేదు. నలభై మంది ప్రాణాల సంగతి కాబట్టి ఈసారి ఆ అలవాటుకు మరికాస్త పదును పెట్టుకునే బయలుదేరాను.

నా భార్య సుజాత కూడా వచ్చింది. ఆమె మణుగూరు బొగ్గుగనుల కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. గోదావరి ఆమెకు కొత్త కాదు. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి, దమ్మపేట, పాల్వంచల మీదుగా సారపాక వంతెన దాటి భద్రాచలంలో దిగేసరికి తొమ్మిదయింది. చలికి మూసిన కిటికీలు పాల్వంచ దాటాక గానీ ఎవరూ తెరవలేదు. స్టాండు పక్కనే ఇడ్లీ తిని టూర్ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాం. గోడ నిండా నీలిరంగు సముద్రం ఫొటోలు. గోదావరి ఫొటో ఒక్కటీ లేకపోవడం నాకు మొదటి అనుమానం.

"అంతా ప్యాకేజీ సార్. తలకు ఎనిమిది వందల యాభై. భోజనం, గైడు, లైఫ్ జాకెట్టు, ఫొటో పాయింటు, అన్నీ మావే" అన్నాడు కౌంటరులోని యువకుడు.

"దీవి మీద ఎంతసేపు ఉండనిస్తారు?"

"నలభై నిమిషాలు సార్."

"మిగతా రోజంతా?"

"లాంచీల డీజే ఉంటది సార్."

"మూడేళ్ళ పిల్లలకు సరిపోయే జాకెట్లు ఉన్నాయా?"

అతను పక్క కుర్చీలోని వాడి వైపు చూసి, "చిన్నపిల్లలను తల్లులు పట్టుకుంటరు సార్" అన్నాడు. జాకెట్లు ఒకసారి చూపించమన్నాను. లాంచీలో ఉన్నాయన్నాడు. లాంచీ ఎక్కడుందంటే రేవులో ఉందన్నాడు. రేవుకు వెళ్తే లాంచీ ఎక్కనివ్వకుండా ఆఫీసులో అడగమన్నారు. సుజాత నా మోచేయి గిల్లి, "ఇగ చాలుగానీ పదండి. వాళ్ళను పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నరు" అంది.

రేవు పడవ కోసం మళ్ళీ వంతెన దాటి సారపాక వచ్చి, మణుగూరు వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి అరవై రూపాయలు. అశ్వాపురం దాటాక కుడివైపు మట్టిదారిలో దిగి కొంతదూరం నడిస్తే రేవు వస్తుంది. బోర్డు ఉండదు, మిరపకాయల బస్తాలతో ఎదురొచ్చే ట్రాక్టర్లే గుర్తు. ఒక తుమ్మచెట్టు కింద పొడవాటి చెక్క బల్ల, దాని మీద వరసగా చెప్పులు, ఒడ్డున ఇంజను బిగించిన నాటు పడవ. పడవ నడిపే సోమయ్య యాభై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ పుల్ల. పోనూ రానూ కలిపి ముప్పై రూపాయలు. తిరుగు పడవ ఆఖరుది సాయంత్రం అయిదింటికి. లైఫ్ జాకెట్లు లేవు. గాలి నింపిన లారీ ట్యూబులు నాలుగు ఉన్నాయి. అడిగిన వెంటనే, "జాకెట్లు లేవు సారూ, ట్యూబులే" అని ఒప్పుకున్నాడు. ఉన్నాయని చెప్పకపోవడం నాకు కాస్త నచ్చింది. తరవాతి మాటే నచ్చలేదు.

"బూట్లు ఈడ బల్ల మీద ఇడ్వాలె సారూ."

ఖమ్మంలో కిందటి వారమే కొన్న తోలు బూట్లు అవి. కాపలా మనిషి లేడు, టోకెను లేదు, తాళం లేదు. సాయంత్రందాకా ఎవడి కాళ్ళకు సరిపోతే వాడివి.

"ఎవరైనా ఎత్తుకుపోతే ఎవరిది బాధ్యత?"

"ఎవలెత్కపోతరు సారూ? అందరిడుస్తరు."

పడవ మురికి కాకుండా పెట్టుకున్న ఏర్పాటు కాబోలనుకున్నాను. అలాగైతే బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నా వాళ్ళకు నష్టం లేదు. సంచిలోనే పెట్టుకున్నాను. సుజాత తన నీలం చెప్పులు విప్పి బల్ల చివర పెట్టి, "మీ బూట్లు పోతే గోదారి ఎండుతదా?" అంది. సోమయ్య నా సంచి వైపు ఒకసారి చూసి, "మీ ఇష్టం సారూ" అని ఇంజను తాడు లాగాడు.

నది దాటడానికి పావుగంట పట్టలేదు. లంక నేను అనుకున్నదానికంటే బాగుంది. ఒకవైపు శుభ్రమైన ఇసుక, మోకాలి లోతు నీళ్ళు. మరోవైపు మిరప, దోస, పుచ్చ పాదులు. వంటకు నీడ మాత్రం తక్కువ, టార్పాలిను తెచ్చుకోవాలి. మరుగుదొడ్డి లేదు, ఆడవాళ్ళకోసం తడికె కట్టుకోవాలి. మేం తెచ్చుకున్న పులిహోర తింటూండగా పొద్దున చూసిన టూర్ లాంచీ వచ్చి ఆగింది. గైడు మైకులో, "ఎదురుగా కనిపిస్తున్నది ఆదివాసీల పురాతన గుడిసె, అందరూ ఫొటోలు తీసుకోండి" అని ప్రకటించాడు. అందరూ తీసుకున్నారు. పాదుల మధ్య కలుపు తీస్తున్న ఆవిడ నడుము నిలబెట్టి గట్టిగా, "ఓ అన్నా, గది మా ఇంజను కొట్టం! మొన్న దీపావళికి కట్టినం!" అని అరిచింది. సుజాతకు పొలమారింది. గైడు మాత్రం తొణక్కుండా, "అందరూ లాంచీలోకి రావాలి" అన్నాడు. చెప్పినట్టే నలభై నిమిషాలు కాగానే వెళ్ళిపోయారు.

ఆ కొట్టంలోని ఇంజనే మమ్మల్ని ఆలస్యం చేసింది. ఇంజను తిరుగుతోంది గానీ పైపులో నీళ్ళు ఎక్కడం లేదు. ఆ చప్పుడు విని ఊరుకోవడం నా వల్ల కాదు. ఆవిడను అడిగితే, "రెండు దినాలసంది గిట్లనే సతాయిస్తున్నది అన్నా. మెకానిక్ ఇటు దిక్కు రాడు" అంది. పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వులో వాషరు అరిగి, నీళ్ళు నిలవకుండా జారిపోతున్నాయి. పాత సైకిల్ ట్యూబు కోసి కొత్త వాషరు తయారుచేశాను. "పొద్దు వాలుతున్నది, రండి" అని సుజాత పిలుస్తూనే ఉంది. అయిపోవచ్చిందని నేను అంటూనే ఉన్నాను. నీళ్ళు పాదుల్లోకి దూకాయి. ఆవిడ రెండు దోసకాయలు చేతిలో పెట్టి, "ఉరకండి అన్నా, పడవ పోతది. మేం పంట ఎత్తేదాకా ఈడనే పండుకుంటం" అంది.

మేం ఇసుక దాటి రేవుకు వచ్చేసరికి పడవ లేదు. అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. సూర్యుడు దిగిపోయాడు, నీళ్ళ మీద మంచు పొగలా లేస్తోంది, ఫోనులో సిగ్నలు లేదు. ఇద్దరం అరిచాం. నది వెడల్పుకు మా గొంతులు సరిపోలేదు. సుజాతకు చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. నాకు మాత్రం ఆ నిమిషంలో మేమిద్దరం కనిపించలేదు. ఆ ఇసుకలో పాస్టరుగారి మనవరాలో, మరే పసిబిడ్డో మిగిలిపోయి ఉన్నట్టు కనిపించింది. మనుషులను మరిచిపోయే పడవ ఇది, మన వాళ్ళకు పనికిరాదు అని మనసులో కొట్టేశాను. రాత్రికి ఆ ఇంజను కొట్టమే గతి అనుకుని సంచి భుజానికెత్తుకున్నాను.

అప్పుడు అవతల టార్చిలైటు వెలిగింది. వెంటనే ఇంజను చప్పుడు వినిపించింది.

పడవ ఇసుకకు తగలగానే సోమయ్య సుజాతను చూసి, "అమ్మా, నీలం చెప్పులు నీయేనా?" అన్నాడు.

"నాయే. ఎందుకన్నా?"

"బల్ల మీద అవొక్కటే మిగిలినయమ్మా. ఇంటికి పోదామని బల్ల చూస్తే కానొచ్చినయి. ఎవరో లంకలనే ఉన్నరని వచ్చిన." నా వైపు టార్చి తిప్పి ఆశ్చర్యపోయాడు. "సారూ, మీరు ఈడనే ఉన్నరా? మీ బూట్లు బల్ల మీద పెట్టకపోతిరి. ఎప్పుడో దాటి పోయిండ్రనుకున్న."

"నన్ను లంకల ఇడిచిపెట్టి ఈయన ఒక్కడే ఇంటికి పోయిండనుకున్నవా అన్నా?" అంది సుజాత.

"గట్ల పోయేటోళ్ళు గూడ ఉంటరమ్మా" అన్నాడు సోమయ్య పుల్ల తీయకుండానే. అంత చలిలోనూ ఆమె పడీ పడీ నవ్వింది.

దారిలో విషయమంతా చెప్పాడు. కూలీలు పొద్దున ఒక ట్రిప్పులో కలిసి వస్తారు, సాయంత్రం వేరే వేరే ట్రిప్పుల్లో పోతారు. తలలు లెక్కపెడితే తప్పుతుంది. "చెప్పులైతే తప్పయి. ఒట్టి కాళ్ళతోని ఎవలూ ఇంటికి పోరు గదా. బల్ల ఖాళీ అయితేనే పడవ కట్టేస్త. ఇయ్యాల జల్ది పోవాల్నని బల్ల చూడకముందే పడవ కట్టేసిన, గది నాదే తప్పు."

"ఈ సంగతి పొద్దున్నే చెప్పొచ్చు కదా!"

"ఎవలన్న ఎత్కపోతే ఎవరిది బాధ్యత అన్నరు గానీ, ఎందుకిడ్వాలె అని మీరు అడగలే సారూ."

నిజమే. ఆ రోజంతా నేను అడిగిన ప్రశ్నలు అటువంటివే. సుజాత ఒక్కతే ఏమీ అడగకుండా చెప్పులు విడిచింది, వాటి వల్లే ఇద్దరం ఇల్లు చేరాం. అంతమాత్రాన నా అనుమానాలు ఒట్టివని అనను. టూర్ లాంచీలో పసిపిల్లలకు జాకెట్లు లేవన్న మాట అనుమానిస్తేనే బయటపడింది. రేవు పడవలోనూ జాకెట్లు లేవు, ఆఖరి పడవ వేళా గట్టిది కాదు. అందుకే పాస్టరుగారికి నేను చెప్పింది ఇది: రేవు పడవే ఎక్కుదాం, పిల్లల సైజులతో సహా జాకెట్లు మనమే కిరాయికి తెచ్చుకుందాం, నాలుగున్నరకల్లా అందరం ఒడ్డున ఉందాం. మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. చంటిపిల్లలతో సహా ప్రతి ఒక్కరి కాలికీ ఒక జత ఉండాలి, ఆ జత బల్ల మీదే విడవాలి. పోతాయని భయముంటే పాతవి వేసుకుని వెళ్ళండి. నేను మాత్రం ఆ కొత్త బూట్లే వేసుకుని వెళ్తాను.