ముసలిగొర్రె బొచ్చు, నా మార్కుల సగటు

మొన్న ఆదివారం మా మనవరాలు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. ఏదో కాలేజీకి దరఖాస్తు. బడిలో వచ్చిన గ్రేడ్ పాయింట్ల సగటు వేయమంటోంది ఆ ఫారం. పిల్ల అన్నీ కూడి, సబ్జెక్టులు ఎన్నో అన్నిటితో భాగించింది. కాలేజీవాళ్లు అడిగినదానికి పిసరంత తక్కువొచ్చింది. కళ్లనిండా నీళ్లు. నాకేమో కాళ్లలో పరుగు పుట్టింది, తొంభై దాటిన కాళ్లని కూడా మరిచిపోయాను. ఫారం కింద సన్నటి అక్షరాల్లో ఏముందో చదివి వినిపించమన్నాను. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో బరువుందట, సగటు ఆ ప్రకారం కట్టాలట. "ముసలిగొర్రె బొచ్చును పొట్టేలు బొచ్చుతో సమానంగా లెక్కవెట్టినవు బిడ్డా" అన్నాను. తాతకు మతి చలించిందనుకుని వాళ్లమ్మను పిలవబోయింది.

నిజాం సర్కారు చివరి ఏళ్ల సంగతి. పాలమూరుకు రెండు కోసుల దూరంలో మా ఊరు. గొర్రెల్ని మేపడం, బొచ్చు కత్తిరించి గొంగళ్లు నేయడం మా ఇంటి పని. పాలమూరు బడిలో చదువంతా ఉర్దూలోనే. మా వాడకట్టులో మెట్రిక్ దాకా వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా కాళ్లు నేలమీద నిలిచేవి కావు. గొర్రెల్ని కూడా ఉర్దూలోనే అదిలించేవాణ్ణి. అవి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడేవి. అలాంటివాణ్ణి మెట్రిక్ పాసయ్యాను, ఇక చెప్పేదేముంది! హెడ్మాస్టర్ సాబ్ పిలిచి, హైదరాబాదులో ఒక కాలేజీకి అర్జీ పెట్టుకోమని ఫారం చేతికిచ్చారు. ఉన్నది ఆ ఒక్కటే ఫారం. మర్నాడు మధ్యాహ్నం రైలుకు టపా వెళుతుంది, ఆలోగా నింపి తెమ్మన్నారు. అన్ని పరీక్షల ఔసత్, అంటే సగటు, నూటికి యాభై ఉండాలి, లేకపోతే అంత దూరం నడిచి రానక్కర్లేదన్నారు.

బడి వరండాలోనే సిరాబుడ్డి ముందు పెట్టుకుని ఫారం నింపేశాను. పేరు, ఊరు, తండ్రి చేసే పని. తరువాతి గడిలో తండ్రి చదువు ఎంతవరకు అని ఉంది. "అన్‌పఢ్" అని రాశాను, చదువు రానివాడని. క్షణమైనా ఆగలేదు. పైగా చివరి అక్షరాన్ని ఎంత అందంగా తిప్పానో చూసుకుని మురిసిపోయాను. ఇంక రెండే మిగిలాయి, సగటు గడి, తండ్రి నిశానీ, అంటే వేలిముద్ర.

సగటు ఇంటికొచ్చి కట్టాను. నూటికి ఎంతో లెక్కగట్టడం అప్పటికి కొత్తగా చేతికొచ్చిన విద్య. ప్రతి పరీక్ష మార్కునూ నూటికి ఎంతని మార్చి, అయిదింటినీ కూడి, అయిదుతో భాగించాను. నలభై తొమ్మిది. మళ్లీ కట్టాను, నలభై తొమ్మిదే. ముంచింది బొమ్మల పరీక్ష. లోటా బొమ్మ గీయమంటే గీశాను, ఎలా గీశానో గాని దానికి చెవులు మొలిచాయి. యాభైకి పదహారిచ్చారు. ఆ ఒక్క లోటా మూలంగా హైదరాబాదు చెయ్యి జారిపోతోంది. మర్నాడు పొద్దున, ముందే వాగులో కడిగి ఆరబెట్టిన మందకు మా నాయిన బొచ్చు కత్తిరిస్తుంటే, నేను పక్కన కూర్చుని గొర్రె కాళ్లు పట్టుకున్నాను. పాలమూరు ఎప్పుడు పోతావని అడిగాడు. పోనన్నాను. ఎందుకని అడిగితే, నీకు అర్థం కాదులే అన్నాను. కత్తెర ఆపకుండానే, చెప్తే గదా తెలిసేదన్నాడు. విసుక్కుంటూనే లెక్క చెప్పాను.

"గా బొమ్మల పరీచ్చ ఎంతకు?" అన్నాడు. యాభైకి అన్నాను. మిగతావో అన్నాడు. ఇంగ్లీషు, ఉర్దూ రెండేసి వందలకు, లెక్కలు, చరిత్ర నూరేసి మార్కులకు. అప్పుడు ఆపాడు కత్తెర. ఎదురుగా పొట్టేలు బొచ్చు గంపెడుంది. ఆ పక్కనే ముసలిగొర్రె బొచ్చు, పొడిపొడిగా గుప్పెడు. ఆ గుప్పెడూ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"గీ గుప్పెడు మంచిగ లేదని గొంగడంత చెడ్తదా? పొట్టేలూ ముసలిదీ ఒక్కతీర్గ ఎట్ల లెక్కవెడ్తవ్‌రా? అన్ని ఒక్కకాడ కుప్పవొయ్యి, అప్పుడు సూడు."

చేతిలో బొచ్చు పట్టుకునే అక్కడి దుమ్ములో వేలితో రాయడం మొదలుపెట్టాను. వచ్చిన మార్కులన్నీ ఒక కుప్ప, మూడువందల నలభై. రావలసినవన్నీ ఒక కుప్ప, ఆరువందల యాభై. భాగిస్తే యాభై రెండు దాటింది! అంకెల మీదుగా గొర్రె నడిచిపోతే మళ్లీ రాశాను. మళ్లీ యాభై రెండే. ఎగిరి గంతేసిన నన్ను చూసి మంద సగం చెదిరింది. నాయిన తిట్టలేదు. సగటు గడి నింపి ఫారం ఆయన ముందు పెట్టాను. వేలిముద్రకు బొటనవేలు అంగీకి తుడుచుకున్నాడు గాని, కడిగిన గొర్రెలదైనా జిడ్డు జిడ్డే, ముద్ర చుట్టూ మరక నిలిచింది. ఆ ఫారం పట్టుకుని రెండు కోసులూ పరుగెత్తాను. ఎండ తెలియలేదు, ముల్లు గుచ్చుకున్నా తెలియలేదు. హైదరాబాదు, హైదరాబాదు అని నా కాళ్లే అంటున్నట్టుండేది.

సాబ్ సగటు గడి చూసి, పక్క కాగితం మీద సరిచూసుకున్నారు. చాలామంది పిల్లలు ఇక్కడే తప్పుతారు, నీకెవరు చెప్పారని మెచ్చుకోలుగా అడిగారు. మా నాయిన చెప్పిండన్నాను. ఆయన వేలు మెల్లగా పైకి జరిగి, నేను అందంగా "అన్‌పఢ్" అని రాసిన గడి మీద ఆగింది. నా ముఖంలోకి చూశారు, సంతకం చేశారు. ఆ మాట కొట్టేద్దామంటే వేరే ఫారం లేదు, టపా సంచీ అప్పటికే కడుతున్నారు. నా సీటు ఆ గడితోనే వచ్చింది.

మనవరాలు బరువులతో మళ్లీ కట్టింది. అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది. నా మెడ చుట్టూ చేతులేసి ఊపేసింది. ఇది ఎవరు నేర్పిండ్రు తాతా అంటే, మీ ముత్తాత అన్నాను.

"ఆయనేం చదువుకున్నడు?" అంది.

పదహారేళ్లప్పుడు క్షణమైనా ఆగకుండా నింపేసిన గడి అది. ఇన్నేళ్లు గడిచాక ఆ పిల్ల ఎదురు చూస్తుంటే, అందులో ఏం రాయాలో నాకు ఇంకా తోచలేదు.